రాజమహేంద్రవరపు గోదావరి గట్టు



ఈ దినమున నేను మీతో ముచ్చటింపనున్నది రాజమహేంద్రవరములో గోదావరి గట్టువెంబడి చూడదగిన స్థలములను గూర్చి. కపిలేశ్వరపురము, కోరుమిల్లి, తాతపూడి మొదలగు నూళ్లవారికి రాజమహేంద్రవరము క్రొత్త యూరు కాదు. కోర్టుపనికో, ఆసుపత్రికో, పెండ్లిబట్టలకో, పుష్కరస్నానమునకో మీరందఱు నెన్నియోసార్లు పోయివచ్చినవారే. అట్టి మీకు ఆ యూరిని చూపెదననుట అల్లునికి అత్తవారింటి దారి చెప్పుటవంటిది. అయినను పనిమీద పోయినవాడు తన పనినే చూచుకొనును గాని యూరిని చూడడు. తీర్థమునకు పోయినవాడు మునిగి, తడిబట్టలు పిండుకొని, బండివేళకు పరుగెత్తును. అందుచేత ఆ గట్టును గూర్చి నాలుగుమాటలు చెప్పుట కవకాశము మిగిలియున్నదని తలచుచున్నాను.

చూడదగినది యన నేమి? ఎత్తుగా నున్నదియు, పాతదియు, రంగుదీపములు పెట్టినదియు చూడదగిన దందురు. నా యభిప్రాయము కొంత వేఱు. ఆ గట్టుమీద నేడు మనము చూచుచున్నవానిలో చూపుకొఱకై కట్టబడినవి మిక్కిలి తక్కువ. రేవు స్నానమునకును నీళ్లకును ఏర్పడినది. వంతెన దాటుటకు పుట్టినది. ఆనకట్ట పైరుకొఱకు, పుస్తకశాల చదువుకొఱకు లేచినవి. ఇవి యన్నియు ముందు జనుల యక్కఱ తీర్చి, ఆ పిమ్మటనే చూడదగిన వాయెను. కావున ప్రతిదాని యెదుట నిలిచి మనము రెండు ప్రశ్నలు వేసికొనవలెను. దీనివలన ఎవరి కేమి మేలు కలిగినది? ఆ మేలు నేడును కలుగుచున్నదా? ఈ రెండు ప్రశ్నలును చేతబట్టుకొని గట్టువెంట నడచినయెడల నగరచరిత్రము దానంతట నదియే తెలియును.

మొదట నది మాట. నాసికకు చేరువ త్ర్యంబకమున పుట్టి, సుమారు 1465 కిలోమీటర్లు ప్రవహించు గోదావరి, పాపికొండల నడుమ ఇఱుకుదారిన దూరి వచ్చి, పోలవరము దాటినపిమ్మట బయలుపడి విప్పారును. రాజమహేంద్రవరము నొద్ద దాని వెడల్పు మూడు కిలోమీటర్లకు దగ్గఱ. అచ్చటినుండి కొంచెము దిగువగా ధవళేశ్వరము దాటినంతనే అది గౌతమియనియు వసిష్ఠయనియు చీలిపోవును. చీలకముందు ఒక్కటిగా నున్న నదిని అఖండగోదావరి యందురు. ఈ చీలికకు పైన, కొండలకు దిగువన ఉండుటయే ఆ యూరి పుట్టుకకు కారణము. ఎగువ అడవులనుండి టేకు, వెదురు తెప్పలు అచ్చటికే దిగివచ్చెడివి. దిగువ పల్లెలనుండి ధాన్యపు పడవలు అచ్చటికే ఎక్కిపోయెడివి. ఉత్తరమునుండి దక్షిణమునకు పోవు సైన్యమైనను, సంతకు పోవు వర్తకుడైనను అచ్చట నది దాటవలసినదే. అనగా ఆ యూరు పుట్టుకనుండియు ఒక పెద్ద రేవు.

11వ శతాబ్దిలో తూర్పు చాళుక్యుడగు రాజరాజనరేంద్రుడు ఆ నగరమునుండి వేంగీదేశమును పాలించెను. ఆయన కోరికచొప్పున నన్నయభట్టు మహాభారతమును తెనిగింప మొదలిడి, ఆదిసభాపర్వములను, అరణ్యపర్వమున కొంతభాగమును రచించెను. ఈ సంగతి మనలో ఎఱుగనివా రెవరు? అయితే ఒక్కమాట గమనింపుడు. నేడు పట్టణములో కోట లేదు. కోటగుమ్మ మను పేరు మాత్రము బజారులో నిలిచియున్నది. ఆ రాజు వ్రాయించిన పుస్తకమో, తెలుగుదేశమున ప్రతి పల్లెలోను అరుగుమీద చదువబడినది. జనులకు పనికివచ్చినది జనులే కాపాడుకొందురు; పనిదీఱినది గుమ్మముగూడ మిగులక పేరై పోవును.

ఆ తరువాత ఆ రేవునకై పోరాడనివారు లేరు. ప్రధానవీథిలోని పెద్దమసీదు ద్వారముపై నున్న పారసీక శాసనము 1324వ సంవత్సరము నాటిది; ఢిల్లీలో ఘియాసుద్దీను తుగ్లకు ఏలుచుండిన కాలమది. పిమ్మట రెడ్డిరాజులు, గజపతులు, గోలకొండ సుల్తానులు, ఫ్రెంచివారు, ఇంగ్లీషువారు వరుసగా వచ్చిరి. ఏలినవారు మాఱిరి గాని పడవ నడపు చేతులు మాఱలేదు, రేవులో బిందెలు ముంచు చేతులు మాఱలేదు.

ఇక గట్టుమీదికి పోవుదము. కోటిలింగాలరేవు, పుష్కరరేవు, మార్కండేయస్వామి యాలయము మొదలగునవి యాత్రికులు మొట్టమొదట చూచునవి. బృహస్పతి సింహరాశిలో ప్రవేశించునపుడు, పండ్రెండేండ్ల కొకతూరి గోదావరికి పుష్కరములు వచ్చునని మీ రెఱుగుదురు. 1991లోను, 2003లోను, 2015లోను వచ్చినవి. మరల 2027లో రావలసియున్నవి. పితరులకు పిండము పెట్టుకొనుటకు, అస్థికలు కలుపుటకు, మ్రొక్కు తీర్చుకొనుటకు ఆ మెట్లమీద అడుగుపెట్టని కుటుంబము మన సీమలో నరుదు. రేవునకు ఇంతకంటె గొప్ప యుపయోగము వేఱొండు లేదు.

కాని యుపయోగమున్నచోట జాగ్రత్తయు నుండవలెను. 2015 జూలై 14వ తేదీన, పుష్కరముల తొలినాడే, పుష్కరరేవున తొక్కిసలాట జరిగి ఇరువదియైదుగురికి పైగా యాత్రికులు మరణించిరి. స్నానము చేయవచ్చినవారు స్నానము చేయకయే పోయిరి. ఈ విషాదము తలచుకొనుట శుభముకాదని కొందఱనవచ్చును. మఱచిపోవుటయే అశుభమని నేననెదను. గోదావరి యెచ్చట మునిగినను గోదావరియే. ఆ నీరే మీ యూరి రేవునకును దిగివచ్చుచున్నది. తొలినాటి తొలిగడియలో, ఒక్క రేవులోనే మునుగవలె నను పట్టుదలను ముందుగా మన యిండ్లలోనే సడలింపవలెను. ముసలివారిని, పసివారిని వెంటబెట్టుకొని పోవువారికి ఈ మాట చెప్పదగినవారు మీవంటి పెద్దలే.

రేవునుండి తలయెత్తి చూచినచో నదిమీద వంతెనలు వరుసగా కనబడును. వానిలో పాతది హేవలాకు వంతెన. అది లేని కాలమున మదరాసునుండి కలకత్తాకు పోవు రైలుమార్గము గోదావరియొద్ద తెగిపోయి యుండెను. ప్రయాణికులు ఒడ్డున రైలు దిగి, సామానులతో పడవ నెక్కి, నది దాటి, ఆవలిగట్టున మరల రైలెక్కవలసివచ్చెడిది. వఱదదినములలో ఆ దాటుట ఎట్టిదో లంకలలో నుండువారికి నేను చెప్పనక్కఱలేదు. 1897లో పని యారంభించి 1900లో ముగించిరి. ఒక్కొక్కటి 150 అడుగుల వెడల్పుగల 56 ఖానాలతో ఆ వంతెన నిలిచినది. అప్పటి మదరాసు గవర్నరు ఆర్థరు హేవలాకు పేరు దానికి పెట్టిరి. పేరు గవర్నరుది, నదీగర్భములో దిగి, ఇసుకను తోడి, స్తంభములను పాతినవారు పేరెఱుగని కూలీలు.

రైలువంతెన యేర్పడినను బండ్లకును మోటారులకును ఆ చోట దారి లేకపోయెను. 1974లో పైన రోడ్డును, క్రింద రైలును గల వంతెన పూర్తియగువఱకును కొవ్వూరికి పోవలసినవారు లాంచినో పడవనో యాశ్రయించుచుండిరి. 1997లో 28 సిమెంటు విండ్లతో మూడవ వంతెన సిద్ధమయ్యెను. సాయంకాలమున బొమ్మలలో చూపబడునది ఈ విండ్ల వంతెనయే. అది వచ్చినంతనే పాతవంతెనకు విశ్రాంతి నిచ్చిరి. 97 ఏండ్లు రైళ్లను మోసిన యా యినుము అప్పటినుండి పనిలేక నిలిచినది. ఇక్కడ మన రెండవ ప్రశ్న యడుగవలెను. పనిలేని వంతెనను తూకమునకు విప్పుటయా, లేక వేఱొక పని నిచ్చి నిలుపుటయా? నడచిపోవువారికి దానిని మార్గముగా చేసినచో, నది నడుమ నిలిచి నదిని చూచు భాగ్యము పేదవానికిని కలుగును. వంతెనకు దాటించుటకంటె తగిన మర్యాద మఱొకటి లేదు.

నగరమునుండి దిగువకు పోయినచో ధవళేశ్వరము వచ్చును. మీ యందఱి యన్నముకుండయు అచ్చట మొదలగును గావున దానిని గూర్చి కొంచెము విస్తరించి చెప్పెదను. 19వ శతాబ్ది మొదటిభాగమున ఈ డెల్టా నేటివంటిది కాదు. వానలు లేకున్న కరువు, వచ్చిన వఱద. 1832-33 నాటి నందన కరువు సంగతి పెద్దలనోట మీరు వినియుందురు. 1821 మొదలు 1841 వఱకు గల యిరువదియేండ్లలో రాజమండ్రి జిల్లాలో ఏడులక్షలకు మించియుండిన జనసంఖ్య ఆఱులక్షలకు దిగువకు పడిపోయెను. చచ్చినవారు చావగా, బ్రతికినవారు ఊళ్లు విడిచిపోయిరి. ప్రక్కనే మహానది సముద్రములోనికి పోవుచుండగా తీరమున జనులు ఆకలికి చచ్చుట యెంత వింత!

ఈ వింతను చూచి సహింపలేకపోయిన యింజనీరు ఆర్థరు కాటను. ఆయన వ్రాసిన యర్జీలమీద కంపెనీ ప్రభుత్వము ఒప్పుకొనగా 1847లో పని మొదలయ్యెను. 1852లో ఆనకట్ట పూర్తియయ్యెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా, లంకలను నడుమనుంచుకొని నదికి అడ్డముగా దానిని కట్టిరి. రాయి ధవళేశ్వరపు కొండనుండియే తెచ్చిరి. కాటనునకు కుడిచేయిగా నిలిచి, వేలకొలది కూలీలను సమకూర్చి, పని నడపించినవాడు మన రాజమహేంద్రవరపువాడైన వీణం వీరన్న. దొర విగ్రహము లూరూర నున్నవి, అవి యుండదగినవే. అయితే దొరను తలచునపుడు వీరన్నను, రాళ్లు మోసిన వారిని గూడ తలచుట న్యాయము.

ఆ పాత ఆనకట్టకు మాఱుగా 20వ శతాబ్ది చివరిభాగమున క్రొత్త బారేజి కట్టిరి. దానికి కాటను పేరే పెట్టిరి. నేడు పది లక్షల యెకరముల డెల్టాభూమికి నీ రక్కడినుండియే వచ్చుచున్నది. ధవళేశ్వరములో కాటను పేర మ్యూజియ మొకటి కలదు. ఆనకట్ట నమూనాలును, పటములును అందు చూపబడుచున్నవి. పిల్లలను తీసికొనిపోయినయెడల, కాలువలో నీరు తలుపు లెత్తినంతమాత్రన రాదనియు, దానివెనుక లెక్కయు, శ్రమయు, కలహములును కలవనియు వారికి బోధపడును.

అయితే ధవళేశ్వరమున చూడదగినవానిలో నా మనసునకు మిక్కిలి హత్తుకొన్నది విగ్రహము కాదు, నీటిమట్టపు కొలబద్ద. అచ్చట నీరు 11.75 అడుగులు చేరినపుడు మొదటి ప్రమాదహెచ్చరికయు, 13.75 అడుగులకు రెండవదియు, 17.75 అడుగులకు మూడవదియు నిత్తురు. మొదటి హెచ్చరిక యనగా సెకండునకు సుమారు పదిలక్షల ఘనపుటడుగుల నీరు దిగువకు వచ్చుచున్నదన్నమాట. 1986 ఆగస్టులో వచ్చిన మహావఱదనాడు ఆ లెక్క 35 లక్షలను దాటెను. కేదారిలంక మొదలగు లంకలవారు రేడియోలో ఆ యంకెలు వినియే పశువులను తోలుకొని గట్టెక్కిరి, ధాన్యము నటకపై కెక్కించిరి. పట్టణపు యాత్రికుడు ఆ గీతలను చూచి దాటిపోవును. మీరు చూచినచో ఒక్కొక్క గీతవెనుక ఒక్కొక్క రాత్రి జ్ఞప్తికి వచ్చును. చూడదగినది యనగా నేమో అచ్చట తెలియును.

మరల నగరమునకు వత్తము. గట్టువెనుక వీథులలో కొన్ని చిన్న కట్టడములు గలవు. వానిని చూడక వచ్చినవాడు రాజమహేంద్రవరమును సగమే చూచినవాడు. కందుకూరి వీరేశలింగము పంతులుగారి యిల్లు వానిలో నొకటి. పంతులుగారు 1848లో జన్మించి 1919లో కీర్తిశేషులైరి. 1881 డిసెంబరు 11వ తేదీన ఆయన పూనికతో ఆ నగరమున మొదటి వితంతువివాహము జరిగెను. ఆ దినములలో దానివలన ఆయనకు కలిగిన వెలి, నిందలు, బెదరింపులు ఇన్నన్ని కావు. ఆ యిల్లు చూచుట కేమంత పెద్దది కాదు. బాల్యములోనే మొగుడు పోయి మూల గూర్చుండిన ఆడుబిడ్డల కా యింటి ద్వారము తెఱచుకొనెనని తెలిసినపుడు దాని పరిమాణము తెలియును. 1890లో ఆయన కట్టించిన పురమందిరమును ఆ పట్టణముననే కలదు.

గౌతమీగ్రంథాలయము మఱియొకటి. 1898లో వసురాయ గ్రంథాలయముగా చిన్నగా మొలకెత్తి, పిమ్మట రత్నకవి గ్రంథాలయముతో కలిసి ఈ పేరు వహించినది. నాళము కృష్ణారావుగారు దానిని కన్నబిడ్డవలె పెంచిరి. పాతపత్రికలు, తాళపత్రములు అందు చేరినవి. గ్రంథాలయమును బయటినుండి చూచి రాకూడదు. లోపలికి పోయి ఒక పుస్తకమడిగి, బల్లయొద్ద కూర్చుండి, పది పుటలైన చదివి రావలెను. అదియే దానిని చూచుట.

గట్టురోడ్డున దామెర్ల రామారావుగారి చిత్రశాల గలదు. ఆయన 1897లో ఆ యూరనే పుట్టి, బొంబాయిలో చిత్రకళ నభ్యసించి, స్వస్థలమునకు మరలివచ్చి చిత్రశాల స్థాపించి, పలువురకు విద్య నేర్పి, 27 ఏండ్ల ప్రాయముననే 1925లో మశూచికము సోకి మరణించెను. మన గోదావరిని, మన యాడువారిని, మన పశువులను, మన చెట్లను రంగులలో పెట్టిన చేయి యది. రాళ్లబండి సుబ్బారావుగారి పేరనున్న పురావస్తుశాలయు గట్టుననే కలదు. 1922లో నెలకొన్న ఆంధ్రేతిహాస పరిశోధక మండలిలో ఆయన ప్రముఖుడు. శాసనములు, నాణెములు, శిల్పములు కూర్చి మన పూర్వుల సంగతి మనకు తెలియజేసిన పుణ్యము అట్టివారిది. ఇందుకు సంబంధించి పల్లెపెద్దలకు నాదొక మనవి. దుక్కిలోనో, నూతిత్రవ్వకములోనో రాగిరేకు, పాతనాణెము దొరకినయెడల దానిని తూకమునకు అమ్మవలదు, కరగింపవలదు. ప్రభుత్వాధికారులకు తెలుపుట 1878 నాటి చట్టముచొప్పున మన విధి. ఒక్క రాగిరేకు కరగినచో ఒక యూరి చరిత్రము కరగిపోవును.

నేడు ఈ గట్టును యాత్రికులకు మఱింత యింపుగా చేయవలెనని ప్రయత్నములు జరుగుచున్నవి. 2025 జూన్ నెలలో అఖండగోదావరి యను పేర నొక పర్యాటకపథకమునకు శంకుస్థాపన జరిగినది. పాతవంతెనయు, పుష్కరరేవును అందు చేరియున్నవి. మంచిదే. యాత్రికుడు వచ్చినచో పడవవానికి, పూలమ్ముకొనువానికి, పూటకూళ్లవారికి నాలుగుడబ్బులు వచ్చును. కాని అలంకారమే ముఖ్యమై ఉపయోగము వెనుకబడరాదు. దీపములు పెట్టిన రేవులో మురికినీరు కలియుచున్నచో అది చూడదగినది కాజాలదు. 2019 సెప్టెంబరు 15వ తేదీన పాపికొండలు చూడబోయిన పడవ కచ్చులూరు వద్ద మునిగి దాదాపు ఏబదిమంది ప్రాణములు గోల్పోయిరి. వినోదమునకు పోయినవారును మన నదినే నమ్మి పోయిరి గదా! నదిని చూపువాడు ముందుగా నదిని ఎఱిగియుండవలెను. వఱదనీటిలో పడవ విప్పవచ్చునో కూడదో మీ యూరి పడవవానిని అడిగిన చెప్పును.

ఇంతవఱకు పెద్దయూరి మాట చెప్పితిని. చివరకు మీ యూరి మాట యొకటి చెప్పనిండు. కపిలేశ్వరపురమున 1973లో శ్రీ సర్వరాయ హరికథాపాఠశాల యేర్పడినది. ఆదిభట్ల నారాయణదాసుగారివంటి మహానుభావులు పెంచిన హరికథ సినిమాల తాకిడికి సన్నగిల్లుచున్న కాలమున, నది యొడ్డున నొక పల్లె దానికి నీడనిచ్చినది. అచ్చట ఆడుపిల్లలు సైతము గజ్జెకట్టి, చిఱతలు పట్టి, కథ చెప్పుట నేర్చిరి. దానిని చూచుటకు టిక్కెట్టు లేదు, మెట్లు లేవు. అయినను రాజమహేంద్రవరపు గట్టున మనము వేసిన రెండు ప్రశ్నలును అచ్చట వేసి చూడుడు. మేలు కలిగినదా? కలిగినది. ఎవరికి? నేర్చినవారికిని, విన్న యూళ్లకును. ఇట్టిది యొకటి మన యూరనే యుండగా, చూడదగినవి దూరపు పట్టణములలోనే యుండుననుకొనుట పొరపాటు.

కావున ఈతూరి మీరు రాజమహేంద్రవరమునకు పోవునపుడు మనుమనినో, మనుమరాలినో వెంటబెట్టుకొని పొండు. రేవులో మునిగినపిమ్మట వంతెన చూపి, పూర్వము మన తాతలు ఈ నది నెట్లు దాటిరో చెప్పుడు. ధవళేశ్వరమున దిగి నీటిమట్టపు గీతలు చూపి, 1986లో నీరు మీ వాకిట నెంతవఱకు వచ్చినదో చెప్పుడు. ఫలకములమీద వ్రాసినది ఎవరైనను చదువవచ్చును. వ్రాయనిది మీ నోటనే యున్నది. దానిని చెప్పకపోయినచో, కోటగుమ్మమునకు కోటవలె, రేపటివారికి పేరు మాత్రమే మిగులును.